నేపాల్ వాలంటీర్ ట్రిప్: 17 ఏళ్ల అమ్మాయికి ఆధార్ సరిపోతుందా?

అన్నానగర్ అమ్మ:
అందరికీ నమస్కారం. మా అమ్మాయి ప్లస్ వన్ (పదకొండో తరగతి). దసరా సెలవుల్లో స్కూల్ తరఫున పోఖరా తీసుకెళ్తారట. అక్కడి బడిలో పిల్లలకి ఇంగ్లిష్, లెక్కలు చెప్పాలి, రెండు రోజులు అనాథాశ్రమంలో సేవ. తిరిగొచ్చాక సర్టిఫికెట్ ఇస్తారు. మాకు పాస్‌పోర్ట్ లేదని చెబితే ఆధార్ చాలన్నారు. నిజమేనా? మా ఆయనకి ఒకటే టెన్షన్.

పెరంబూర్ అన్న:
చాలదమ్మా. నేపాల్‌కి మనకు వీసా అక్కర్లేదు, కానీ విమానంలో వెళ్లాలంటే పాస్‌పోర్ట్ గానీ ఓటర్ కార్డు గానీ ఉండాలి. ఆధార్ లాంటివి ఒప్పుకునేది 15 లోపు, 65 దాటినవాళ్లకే. 15 నుంచి 18 మధ్య పిల్లలకి ప్రిన్సిపాల్ ఇచ్చే గుర్తింపు పత్రం కూడా చెల్లుతుంది. అయినా ఢిల్లీలో ఇమిగ్రేషన్ కౌంటర్ ముందు ఆ ఒక్క కాగితం పట్టుకుని నిలబడేకంటే పాస్‌పోర్ట్ తీయించడమే నయం. ఎలాగూ రేపు పనికొస్తుంది.

వేళచ్చేరి టీచరమ్మ:
కాగితాల సంగతి పదిహేను రోజులు అటూ ఇటూగా తేలిపోతుంది. నాకు అనుమానం ప్రోగ్రామ్ మీదే.

దసరా సెలవులన్నారు కదా. నేపాల్‌లో దశైం అప్పుడే. వాళ్లకి ఏడాదిలో అన్నిటికంటే పెద్ద పండుగ. విజయదశమి నాడు పెద్దవాళ్లు పెరుగు, బియ్యం, కుంకుమ కలిపి నుదుట టీకా, అంటే బొట్టు పెడతారు. దాని కోసం ఎక్కడెక్కడి వాళ్లూ సొంతూళ్లకి చేరతారు. బడులు రోజుల తరబడి మూసే ఉంటాయి. మరి మన పిల్లలు పాఠం ఎవరికి చెబుతారు? ఏ బడి, ఏ తేదీల్లో తెరిచి ఉంటుంది, ఏ తరగతి, పక్కన అక్కడి టీచర్ ఉంటారా అని రాతపూర్వకంగా అడగండి. జవాబు నీళ్లు నమిలినట్టుంటే మీకే అర్థమైపోతుంది.

రెండోది అనాథాశ్రమం. ఇది మాత్రం వద్దంటాను. నేపాల్‌లో ఇలాంటి ఆశ్రమాల్లో ఉండే పిల్లల్లో చాలామందికి తల్లో తండ్రో బతికే ఉంటారని యునిసెఫ్ ఎప్పటి నుంచో చెబుతోంది. చదువు చెప్పిస్తామని పల్లెల నుంచి పిల్లల్ని తెచ్చి, విదేశీ వాలంటీర్ల డబ్బుకోసం అట్టిపెట్టుకునే చోట్లు ఉన్నాయి. 2015 భూకంపం తర్వాత పిల్లల్ని అనుమతి లేకుండా జిల్లా దాటించకూడదని అక్కడి ప్రభుత్వం ఆంక్ష పెట్టాల్సి వచ్చింది. మంచి ఆశ్రమాలూ ఉంటాయి, కాదనను. కానీ రెండు రోజులు ఎత్తుకుని ఆడించి, ఫొటోలు దిగి వచ్చేస్తే ఆ పసివాళ్లకి ఒరిగేదేమిటి? వారం వారం కొత్త అక్కలు రావడం, పోవడం తప్ప.

టి.నగర్ మామ:
టీచరమ్మ బాగా అడిగారు. నావీ రెండు. కాఠ్మాండూ నుంచి పోఖరా రోడ్డు దాదాపు 200 కిలోమీటర్లు, కొండదారి. వానాకాలం చివర్లో చరియలు విరిగిపడుతుంటాయి. బస్సయితే పగలే నడపాలని ఒప్పించండి. ఇక డబ్బు టూర్ ప్యాకేజీ కింద కడితే టీసీఎస్ (ముందే వసూలు చేసే పన్ను) పట్టుకుంటారు. బిల్లు మీ ఆయన పాన్ మీద తీయించండి, రిటర్న్ వేసేటప్పుడు సర్దుకోవచ్చు.

పల్లావరం తమ్ముడు:
మధ్యలో అడ్డొస్తున్నా. మా కాలేజీ వాళ్లది కెన్యా ట్రిప్. దానికేమైనా ఉందా?

పెరంబూర్ అన్న:
ఎల్లో ఫీవర్ టీకా తప్పనిసరి తమ్ముడూ. గిండీ కింగ్ ఇన్‌స్టిట్యూట్‌లో వేస్తారు, ముందే కనుక్కుని వెళ్లు. వేసిన పది రోజులకి గానీ సర్టిఫికెట్ చెల్లదు, ఆ తర్వాత జీవితాంతం పనికొస్తుంది. అది లేకుండా తిరిగొస్తే ఇక్కడ ఎయిర్‌పోర్టులోనే ఆపి క్వారంటైన్‌లో పెడతారు.

అన్నానగర్ అమ్మ:
టీచరమ్మగారూ, మీరన్నవన్నీ స్కూల్‌కి మెయిల్ పెట్టాను. బడి మూసి ఉంటుందన్న సంగతి కోఆర్డినేటర్‌కే తెలియదు! తేదీలు డిసెంబర్ సెలవులకి మార్చే విషయం చూస్తామన్నారు. ఆశ్రమం తీసేస్తేనే డబ్బు కడతామని ఇంకో ఇద్దరు తల్లులు కూడా నాతో కలిశారు. పాస్‌పోర్ట్‌కి సాలిగ్రామంలో స్లాట్ దొరికింది. ఏమేం పట్టుకెళ్లాలి?

పెరంబూర్ అన్న:
అమ్మాయి ఆధార్, బర్త్ సర్టిఫికెట్, పదో తరగతి మార్కుల షీట్, మీ ఇద్దరి సంతకాలతో అనెక్సర్ డి (తల్లిదండ్రుల అంగీకార పత్రం). మీ పాస్‌పోర్టులుంటే అవి కూడా. అన్నీ ఒరిజినల్స్, ఒక్కో జిరాక్స్. పేరు స్పెల్లింగ్ అన్నిట్లో ఒకేలా ఉందో లేదో ఈ రాత్రే చూసుకోండి, ఇంటిపేరు దగ్గరే మనవాళ్లకి తంటా.