తప్పిపోయిన ఇంటి పిల్లి: ముందు ఊరంతా పోస్టర్లా, మన బిల్డింగులో వెతుకులాటా?

వేపనీడ (కూకట్‌పల్లి)

మా అపార్ట్‌మెంట్‌లో మూడో అంతస్తు వాళ్ల పిల్లి కనబడటం లేదు. బాల్కనీ వల ఒక మూల తెగి ఉంది, అందులోంచే పోయి ఉంటుందంటున్నారు. పిల్లగా ఉన్నప్పటి నుంచి గుమ్మం దాటి ఎరగదు. దాంతో అసోసియేషన్ వాట్సాప్ గ్రూపు రెండుగా చీలింది. పోస్టర్లు వేయించి, బహుమానం ప్రకటించి, పక్క కాలనీల గ్రూపులన్నిటిలో ఫొటో పెట్టాలని కొందరు. ముందు మన బిల్డింగు గాలిద్దామని ఇంకొందరు. నేను రెండో పక్షం. ఎందుకో చెప్తాను, కాదనేవాళ్లు కారణాలతో కాదనండి.

ఇంట్లోనే పెరిగిన పిల్లి బయటపడితే దూరం పోదు, దాక్కుంటుంది. కనబడిన మొదటి చీకటి సందులో దూరి ఊపిరి బిగబట్టి కూర్చుంటుంది. పిలిస్తే పలకదు. పలికితే తానెక్కడుందో శత్రువుకి తెలిసిపోతుందని దాని భయం. "నా గొంతు వింటే పరుగెత్తుకొస్తుంది" అనుకుని యజమాని నాలుగు వీధులు కేకలేసుకుంటూ తిరుగుతాడు. అది మాత్రం సొంత బిల్డింగు పార్కింగ్‌లోనే ఉండొచ్చు.

ఇది నా ఊహ కాదు. 2018లో 'యానిమల్స్' అనే పరిశోధన పత్రికలో 1,210 తప్పిపోయిన పిల్లుల మీద ఒక అధ్యయనం వచ్చింది. దొరికిన వాటిలో నూటికి 75 పిల్లులు తప్పించుకున్న చోటికి 500 మీటర్ల లోపే దొరికాయి. అస్సలు బయట తిరగని ఇంటి పిల్లుల్నే విడిగా చూస్తే నాలుగింట మూడొంతులు 137 మీటర్ల లోపే. మా గేటు నుంచి మెయిన్ రోడ్డు అంతకంటే దూరం! మరి పక్క కాలనీ గోడ మీద అంటించిన కాగితం ఎవరి కోసం?

మన బిల్డింగుల్లో చూడాల్సిన చోట్లు కూడా చెప్తాను. నెలల తరబడి కదలని కార్ల కింద, బానెట్ లోపల. కవరు కప్పిన బైకులు. జనరేటర్ వెనక. బాత్రూమ్ పైపులు దిగే డక్టు. మెట్ల కింద పేర్చిన అట్టపెట్టెలు. ఏసీ యూనిట్లు బిగించిన సజ్జలు. టెర్రస్ మీద ట్యాంకు దిమ్మల సందు. రాత్రి జనం అలికిడి తగ్గాక టార్చి కంటి ఎత్తులో పట్టుకుని నేల వెంబడి వేస్తే పిల్లి కళ్లు మెరుస్తాయి. పగలు పక్కన నిలబడినా కనబడని పిల్లి అలా పట్టుబడుతుంది.

బ్రాడీపేట నాలుగో లైను (గుంటూరు)

వేపనీడ గారూ, మీరు అపార్ట్‌మెంట్ కళ్లతో చూస్తున్నారు. మా వైపు ఇళ్లు గోడకి గోడ ఆనుకుని ఉంటాయి. పిల్లి ఒక డాబా ఎక్కిందంటే వీధి చివరిదాకా నేల మీద కాలు పెట్టకుండా పోగలదు. పిల్లి తన పిల్లల్ని ఏడిళ్లు తిప్పుతుందని మన పెద్దవాళ్లు ఊరికే అన్నారా? ఆ ఏడిళ్ల వాళ్లకీ విషయం తెలియకుండా మీరొక్కరే టార్చి పట్టుకుని ఏం వెతుకుతారు?

ఆ అధ్యయనం లెక్కలు యజమానులు ఆన్‌లైన్‌లో పూరించి పంపిన ప్రశ్నావళివి. అది మన వీధి కాదు, మన కోతులూ కుక్కలూ అక్కడ లేవు. వీధి కుక్కలు నాలుగు తరిమితే మీ 137 మీటర్లు ఎంతసేపు?

ఇంకొకటి. మచ్చికైన పిల్లి ఆకలేస్తే ఎవరి గుమ్మం ముందో కూర్చుంటుంది. వాళ్లు ఇంత పెరుగన్నం పెడతారు. "ఎవరూ లేనిది పాపం" అని ఉంచేసుకుంటారు. అది దొంగతనం కాదు, జాలి. దానికి యజమాని ఉన్నాడని వాళ్లకి తెలియాలంటే పోస్టర్ తప్ప దారేది? పాలాయన, పేపరు కుర్రాడు, ఇస్త్రీ బండి ఆయన, చెత్త బండి వాళ్లు, వీళ్లు తెల్లవారుజామున ప్రతి గుమ్మం చూస్తారు. ముందు ఫొటో వాళ్ల చేతిలో పెట్టాలి.

కాకతీయ కాలనీ (హనుమకొండ)

అన్నా, నాకు సమజైతలేదు ఒక్కటి. రాత్రి అందరు పండుకున్నంక టార్చ్ పట్టుకొని వెతకాలె అంటున్నరు. ఎవరు వెతకాలె? నేను ఒక్కదాన్ని కిరాయికి ఉంట. రాత్రి ఒంటి గంటకు మంది ఇండ్ల సందులల్ల టార్చ్ కొట్టుకుంట తిరిగితె దొంగ అనుకుంటరు, కాకుంటె ఇంకేదో అనుకుంటరు. పోస్టర్ అయితె పగటిపూట అంటించొచ్చు. మీ పద్ధతి మంచిదే గావొచ్చు, కని అందరికి అందేది కాదు.

పశువైద్యుడు (కరీంనగర్)

ఇద్దరి మాటలోనూ నిజం ఉంది కానీ ఇద్దరూ ఒక ప్రశ్న వేయలేదు. ఎలాంటి పిల్లి?

కుటుంబ నియంత్రణ ఆపరేషన్ కాని గండుపిల్లి అయితే ఆడపిల్లి వాసన పట్టుకుని చాలా దూరం వెళ్తుంది, రోజుల తరబడి రాదు. రోజూ బయట తిరిగే పిల్లుల్లో నాలుగింట మూడొంతులు దొరికిన పరిధి అదే అధ్యయనంలో 1,609 మీటర్ల దాకా పోయింది. అంటే మైలు. అక్కడ బ్రాడీపేట గారి మాటే సరి, నలుగురికీ చెప్పకుండా పని జరగదు. వేపనీడ గారు చెప్పిన పిల్లి మూడో అంతస్తు నుంచి పోయింది, గడప దాటి ఎరగదు. దాని విషయంలో ఆయనతోనే ఉంటాను. పడి ఉంటే దెబ్బ తగిలి ఉండొచ్చు. దెబ్బ తగిలిన పిల్లి మరీ మూలకి చేరుతుంది. కాబట్టి బాల్కనీకి నిలువుగా కింద ఎక్కడ నేల తగులుతుందో అక్కడి నుంచి మొదలుపెట్టాలి. పైకి బాగానే నడుస్తున్నట్టు కనిపించినా ఛాతీలో గాయం ఉండొచ్చు, నోరు తెరిచి ఊపిరి తీస్తుంటే వెంటనే ఆస్పత్రికి తేవాలి.

తొందర ఎందుకో కూడా చెప్పాలి. కొన్నాళ్లు వరసగా తిండి లేకపోతే పిల్లి కాలేయంలో కొవ్వు పేరుకుంటుంది, ప్రాణం మీదికి వస్తుంది. బొద్దుగా ఉన్న ఇంటి పిల్లులకి ఈ ముప్పు ఎక్కువ. "ఆకలైతే అదే వస్తుందిలే" అన్న మాట నాకు చాలా కష్టంగా ఉంటుంది. భయం ముందు ఆకలి ఓడిపోయిన పిల్లుల్ని చూశాను.

కనబడగానే మీద పడి పట్టుకోకండి. మీ సొంత పిల్లే అయినా ఆ క్షణంలో మిమ్మల్ని గుర్తుపట్టకపోవచ్చు. కింద కూర్చోండి, కళ్లలోకి చూడొద్దు, వాసన గట్టిగా వచ్చే తిండి దగ్గర పెట్టండి, తువ్వాలు సిద్ధంగా ఉంచుకోండి. రాకపోతే బోను. బోను మీద గుడ్డ కప్పాలి, వదిలేసి వెళ్లకుండా మాటిమాటికీ చూడాలి. కరిచినా రక్కినా సబ్బుతో పారే నీళ్ల కింద పదిహేను నిమిషాలు కడిగి, అదే రోజు రేబిస్ టీకాకి వెళ్లాలి. మన పిల్లే కదా అని ఊరుకోవద్దు. బయట దాన్ని ఏది కరిచిందో మీకు తెలియదు.

అసోసియేషన్ పెద్ద (మియాపూర్)

మా అపార్ట్‌మెంట్ అసోసియేషన్ సెక్రటరీగా నా మాట కూడా వినండి. పిల్లి మీద నాకు కోపం లేదు. కానీ ఎవరి కారు బానెట్ వాళ్లు తెరవాలి, ఎవరి ఫ్లాట్ తాళం వాళ్లు తీయాలి. అమెరికా వెళ్లినవాళ్ల ఖాళీ ఫ్లాట్లున్నాయి. "లోపల పిల్లి అరిచినట్టుంది" అంటే నేను తాళం పగలగొట్టించలేను. సీసీటీవీ అడుగుతారు. పిల్లి పోయిన సమయం ఎవరికీ తెలియదు, రాత్రంతా ఎవరు ఎవరింటికి వచ్చారో అందరూ కూర్చుని చూస్తారా? ఫుటేజీ నేనో, వాచ్‌మనో చూసి చెప్తాం, ఇవ్వం. ఈ హద్దు ఒప్పుకుంటే పార్కింగ్, టెర్రస్, జనరేటర్ గది తాళాలు ఎప్పుడడిగినా ఇస్తాను.

సముద్రం గాలి (ఎంవీపీ కాలనీ, విశాఖ)

నేను వీధి పిల్లులకి తిండి పెట్టేదాన్ని. సెక్రటరీ గారూ, తాళం పగలగొట్టమని ఎవరూ అడగట్లేదు. అమెరికాలో ఉన్నవాళ్లకి ఒక్క ఫోను చేసి, చుట్టాల దగ్గరున్న తాళం తెప్పించమని అడుగుతున్నాం. లోపల ఇరుక్కున్న జీవికి నీళ్లు కూడా ఉండవు. ఆ ఫోను చేయడం అసోసియేషన్ బాధ్యతే అంటాను.

ఇంకో సంగతి, ఎవరూ ఎత్తలేదు. దాని లిట్టర్ పెట్టె, అంటే మలమూత్రాలకి వాడే ఇసుక పెట్టె తెచ్చి గుమ్మం బయట పెడితే వాసన పట్టుకుని వచ్చేస్తుందని ప్రతి గ్రూపులోనూ రాస్తారు. దయచేసి అలా చేయకండి. ఆ వాసనకి ముందు వచ్చేది వీధి గండుపిల్లి. అది అక్కడ కాపు కాస్తే భయపడి దాక్కున్న మీ పిల్లి ఇంకా లోపలికి పోతుంది. దాని బదులు అది పడుకునే దుప్పటి, మీరు కట్టి విప్పిన బట్ట పెట్టండి. తిండి రాత్రంతా వదిలేయకుండా మీరు కూర్చుని చూడగలిగే వేళలోనే పెట్టండి. వేకువన, మునిమాపున పిల్లులు ఎక్కువ కదులుతాయి. పాత ఫోను కెమెరా ఆన్‌లో ఉంచి మెట్ల దగ్గర పెట్టినా సరిపోతుంది.

హనుమకొండ చెల్లీ, నువ్వు చెప్పింది ముమ్మాటికీ నిజం. ఒంటరిగా వెళ్లొద్దు. మీ వీధిలో వీధి పిల్లులకి తిండి పెట్టే ఆడవాళ్లు ఎవరో ఒకరు ఉంటారు, అడుగు. మాకు ఆ సందులన్నీ తెలుసు, ఆ వేళలో మమ్మల్ని చూడటం జనానికి అలవాటే.

యర్రా నది ఒడ్డు (మెల్‌బోర్న్)

ఇక్కడ విక్టోరియాలో మూడు నెలలు నిండిన పిల్లికి చర్మం కింద పెట్టే మైక్రోచిప్, కౌన్సిల్ (స్థానిక పాలక సంస్థ) రిజిస్ట్రేషన్ తప్పనిసరి. ఇంగ్లండ్‌లో కూడా 2024 జూన్ 10 నుంచి చిప్ చట్టమైంది. ఎవరికి దొరికినా డాక్టర్ స్కాన్ చేసి యజమానికి ఫోన్ చేస్తాడు. మన దగ్గరా చిప్ వేయిస్తే ఈ పోస్టర్ల గొడవే ఉండదు కదా?

పశువైద్యుడు (కరీంనగర్)

వేయించడం మంచిదే. కానీ చిప్ బియ్యపు గింజంత ఉంటుంది, అందులో 15 అంకెల నంబరు తప్ప ఏమీ ఉండదు. అది పిల్లి ఎక్కడుందో చెప్పదు, స్కానర్ ముందుకి వస్తేనే పలుకుతుంది. దొరికిన పిల్లిని స్కానింగ్‌కి తీసుకెళ్లే అలవాటు మన వీధుల్లో ఇంకా లేదు. మెడకి ఫోన్ నంబరు రాసిన బిళ్ల కట్టడం ఇక్కడ ఎక్కువ పనిచేస్తుంది. దేనికైనా తగులుకుంటే ఊడిపోయే రకం పట్టీయే కట్టాలి.

వేపనీడ (కూకట్‌పల్లి)

బ్రాడీపేట గారూ, పాలాయనకీ చెత్త బండి వాళ్లకీ చెప్పాలన్న మాట తీసుకుంటున్నాను. అది పోస్టర్ కంటే మంచి పని. కానీ వరస విషయంలో నేను మారను. మొదటి రాత్రి చేతులూ కాళ్లూ ఉన్న నలుగురుంటే, వాళ్లని ప్రింటింగ్ షాపుకి పంపడం నాకు అన్యాయంగా అనిపిస్తుంది. అదే అధ్యయనంలో వారంలోగా ప్రాణాలతో దొరికినవి దాదాపు మూడింట ఒక వంతు. ఏడాది దాకా చూసినా నూటికి 61. అంటే మొదటి రోజుల విలువ మళ్లీ రాదు. స్వయంగా వెతికినవాళ్లకే ప్రాణాలతో దొరికే అవకాశం ఎక్కువగా కనిపించిందని కూడా అందులో ఉంది.

కాగితం వేస్తే ఇంటింటికీ తీసుకెళ్లి ఇవ్వండి. గోడ మీద అంటిస్తే చదివి వెళ్లిపోతారు. చేతికిచ్చి "మీ స్టోర్ రూమ్ ఒక్కసారి చూడనిస్తారా?" అంటే తలుపు తీస్తారు.

బ్రాడీపేట నాలుగో లైను (గుంటూరు)

ఇంటింటికీ ఇవ్వడం నాకూ సమ్మతమే. బహుమానం సంగతి తేల్చండి మరి. హైదరాబాద్‌లో ఒక పిల్లి కోసం 30 వేలు, నోయిడాలో ఒకదానికి లక్ష ప్రకటించారని పేపర్లలో వచ్చింది. అంత కాకపోయినా మొత్తం రాస్తేనే జనం కదులుతారని నా అభిప్రాయం.

సముద్రం గాలి (ఎంవీపీ కాలనీ, విశాఖ)

మొత్తం రాయొద్దని నేనంటాను. పెద్ద అంకె చూస్తే పిల్లలు కర్రలు పట్టుకుని ప్రతి సందూ కెలుకుతారు, దాక్కున్నది వీధి దాటి పారిపోతుంది. పైగా "మీ పిల్లి మా దగ్గరే ఉంది, ముందు ఆటో ఖర్చులు పంపండి" అని ఫోన్లు మొదలవుతాయి. ఏడుస్తున్న మనిషి ఆ క్షణంలో పంపేస్తుంది. అందుకే ఒంటి మీద ఒక గుర్తు పోస్టర్‌లో రాయకుండా దాచుకోవాలి. ఫోన్ చేసినవాడిని ఆ గుర్తు అడగాలి, అప్పుడు తీసిన ఫొటో పంపమనాలి. డబ్బు పోతే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి వెంటనే ఫోన్ చేయాలి. "తగిన బహుమానం ఇస్తాం" అని రాస్తే చాలు.

కాకతీయ కాలనీ (హనుమకొండ)

అక్కా, 'తగిన' అంటె ఎవ్వరు నమ్మరు. మా దిక్కు చెత్త బండి తీస్కపోయే అన్నకు అయిదు వందలన్న ఖరారుగ చెప్తెనే ఆయన పని ఇడిచి చూస్తడు. పోస్టర్ మీద రాయకున్రి, మనిషికి నోటితోని చెప్పున్రి. అసోసియేషన్ సారు, మీరు ఖాళీ ఫ్లాట్లోల్లకు ఫోన్ చేస్తరా చెయ్యరా, గా సంగతి చెప్పలే ఇంకా.

అసోసియేషన్ పెద్ద (మియాపూర్)

చేస్తానమ్మా. మా దగ్గర పిల్లి పోతే, పోయిన వరుసలో కింద రెండు ఖాళీ ఫ్లాట్లుంటే ముందు వాటికే చేస్తాను. చుట్టాలెవరైనా తాళంతో వస్తే యజమాని ఫోన్‌లో ఉండగానే, వాచ్‌మన్‌ని పక్కన పెట్టుకుని తెరుస్తాం. సీసీటీవీ విషయంలో మాత్రం నా మాట అదే.