రాతిమీద 'చెక్కారా', గీశారా? 'ఔత్సాహిక' అనొచ్చా?

లితోగ్రఫీ (శిలాముద్రణ, అంటే రాతిమీది బొమ్మని కాగితంమీద అచ్చువేయడం) తొలిరోజుల్లో బొమ్మలు వేసిన ఆడవాళ్ళ గురించి ఒక పరిచయం రాస్తున్నాను. 'రాతిపై బొమ్మలు చెక్కిన ఔత్సాహిక మహిళలు' అని శీర్షిక పెట్టాను. ఎందుకో నాకే నచ్చలేదు. లోపమెక్కడో చెప్పండి.

— 'చెక్కిన' తీసెయ్యండి ముందు. శిలాముద్రణ అనగానే మనకి శిలాశాసనం తడుతుంది, ఉలి చప్పుడు వినబడుతుంది. ఇందులో ఉలి లేదు. 1790ల చివర్లో జర్మనీలోని బవేరియాలో సెనెఫెల్డర్ అనే ఆయన కనిపెట్టిన ఈ పద్ధతికి ఆధారం జిడ్డుకీ నీళ్ళకీ పడకపోవడమే. సున్నపురాయిమీద (మన తాండూరు బండకి దూరపు చుట్టం) జిడ్డుసుద్దతో గీస్తారు. కాస్త ఆమ్లం కలిపిన తుమ్మజిగురు పూస్తారు. రాయి తడిపి సిరా రోలరు దొర్లిస్తే గీతకే సిరా అంటుతుంది, దానిమీద కాగితం వేసి నొక్కుతారు. పని అయ్యాక ఇసుకేసి నూరేస్తే రాయి మళ్ళీ కొత్తది. మనం 'శిలాక్షరం' అనేది చెరగనిదాన్ని, ఇక్కడ చెరపడమే పద్ధతి!

రాగిరేకు చెక్కడానికి ఏళ్ళ తరబడి శిక్షణ కావాలి. దీనికి కాగితంమీద బొమ్మ గీయగల చెయ్యి ఉంటే చాలావరకు సరిపోయేది, కుడి ఎడమలు తిరగేసి గీయడమొక్కటే తంటా. ఇంట్లో బొమ్మలు నేర్చుకున్న ఆడవాళ్ళకి దారి దొరికింది అందుకే. మీరు 'చెక్కిన' అంటే ఆ కారణమే పోతుంది.

— 'ఔత్సాహిక'తోనూ పేచీ ఉందండి. ఉత్సాహంలోంచి పుట్టిన మంచి మాటే. నాటక సమాజాలవాళ్ళు డబ్బుకోసం కాక ఆడేవాళ్ళనే అర్థంలో చక్కగా వాడారు. ఇప్పుడు పేపర్లో 'ఔత్సాహిక పారిశ్రామికవేత్తలు' అంటే ఇంకా మొదలుపెట్టనివాళ్ళు! మీరు ఈ మాట పెట్టింది ఇంగ్లీషు 'అమెచ్యూర్'కే కదా, అప్పటి ఇంగ్లీషులో అమెచ్యూర్ అంటే చెయ్యి తిరగనివాళ్ళని కాదు, బొమ్మ అమ్ముకు తినాల్సిన అవసరం లేనివాళ్ళని. పట్నాలో ఈస్టిండియా కంపెనీ అధికారి చార్లెస్ డాయ్‌లీ 1820ల చివర్లో లితో అచ్చుయంత్రం పెట్టి, ప్రచురణల పేర్లలోనే 'అమెచ్యూర్' అని దర్జాగా వేసుకున్నాడు. 'ప్రవృత్తిరీత్యా చిత్రకారిణులు' అంటే నయం.

— బాగుంది మాష్టారూ. మరి ఎమిలీ ఈడెన్? గవర్నర్ జనరల్ ఆక్లండ్ చెల్లెలు. ఇక్కడ గీసిన బొమ్మలు 1844లో లండన్‌లో లితోలుగా వచ్చాయిగా?

— వచ్చాయమ్మా, కానీ రాతిమీదికి ఎక్కించింది లోవెస్ డికిన్సన్ అనే మరో చిత్రకారుడు. ఆవిడ కాగితంమీదే గీసింది. ఆవిడ పేరు రాస్తే 'రాతిపై' అనకండి.

— ఎలిజబెత్ గౌల్డ్‌ని ఏ మాట కింద పెడతారు? హిమాలయ పక్షుల పుస్తకానికి (1830 – 32) 80 బొమ్మల పుటలు ఆవిడ చేతివి. అచ్చు వేసింది లండన్ ముద్రాపకుడు హల్‌మాండెల్. బొమ్మ కింద 'ప్రకృతిని చూసి, రాతిపై గీసినది ఇ. గౌల్డ్' అనే అర్థం వచ్చే ఇంగ్లీషు పంక్తి ఉంటుంది. పుస్తకకర్త మాత్రం భర్త జాన్. పెళ్ళికి ముందు పిల్లలకి చదువు చెప్పి బతికిన మనిషి, సరదాకి గీసిందనలేం. వృత్తి అందామంటే పని భర్త వ్యాపారానికి. నన్నడిగితే రెండు మాటలూ వద్దు.

— అయితే 'రాతిమీద గీసిన ఆడవాళ్ళు' అని పెట్టేస్తాను. ఈడెన్‌ని వేరే పేరాలోకి జరుపుతున్నా.