కంపెనీ డాక్టర్ ఫిట్ అన్నాడు, చెయ్యి మాత్రం లేవట్లేదు

షిప్‌లో మూరింగ్ (షిప్‌ని రేవుకి తాళ్లతో కట్టడం) చేస్తుంటే తాడు తెగి భుజానికి కొట్టింది, సర్జరీ అయి నాలుగు నెలలైంది, కంపెనీ డాక్టరేమో ఫిట్ ఫర్ డ్యూటీ అని రాసేశాడు, నాకేమో చెయ్యి చెవి దాటి లేవట్లేదు, పైలట్ నిచ్చెన (రేవులోకి దారి చూపే పైలట్ షిప్ ఎక్కే తాడు నిచ్చెన) ఎలా కట్టను? సెటిల్‌మెంట్ పేపర్ మీద సంతకం పెట్టమంటున్నారు. ఏం చేయాలి అన్నా?

జవాబు 1:
పెట్టకు తమ్ముడూ, ముందు ఇంకో ఆర్థో డాక్టర్‌కి చూపించు. భుజం ఎన్ని డిగ్రీలు లేస్తుందో, ఎంత బరువు ఎత్తగలవో కొలిచి రాయించు, ఊరికే నొప్పి ఉందంటే సరిపోదు. చాలా యూనియన్ అగ్రిమెంట్లలో ఇద్దరు డాక్టర్ల మాట కలవకపోతే రెండు పక్షాలూ ఒప్పుకున్న మూడో డాక్టర్ మాటే ఫైనల్. నీ కాంట్రాక్ట్‌లో ఆ క్లాజ్ ఉందేమో చూడు, గడువు కూడా.

జవాబు 2:
ఎంఎల్‌సీ 2006కి (షిప్‌లో పనిచేసేవాళ్ల హక్కుల అంతర్జాతీయ ఒప్పందం) చేసిన సవరణలు 2017 జనవరిలో అమల్లోకొచ్చాయి, లాంగ్ టర్మ్ డిజెబిలిటీకి షిప్ ఓనర్ ఫైనాన్షియల్ సెక్యూరిటీ, అంటే పరిహారం డబ్బుకి గ్యారంటీ, చూపించాలి, ఆ సర్టిఫికెట్ షిప్‌లోనే అంటించి ఉంటుంది, అక్కడున్నవాళ్లని అడిగి ఫొటో తెప్పించుకో. కాంట్రాక్ట్‌లో ఉన్నదానికంటే తక్కువకి ఒప్పుకోమని ఒత్తిడి చేయకూడదని కూడా ఆ సవరణల్లో ఉంది.

జవాబు 3:
యాక్సిడెంట్ రిపోర్ట్ కాపీ ఉందా? నాకు అదే లేక చాలా తిరగాల్సొచ్చింది, ఇవాళే మెయిల్ పెట్టి అడుగు.