అప్‌డేట్: లైవ్‌లో కలుసుకునే ఆ సీన్ నిజమే

కొరియా యుద్ధంలో విడిపోయిన కుటుంబాల సీరియల్ చూసి, అన్నాచెల్లెళ్లు టీవీ లైవ్‌లో ఒకరినొకరు గుర్తుపట్టడం నిజంగా జరిగిందా అని అడిగాను కదా. జరిగిందండీ! 1983 జూన్ 30న దక్షిణ కొరియాలో అక్కడి ప్రభుత్వ టీవీ సంస్థ కేబీఎస్ మొదలుపెట్టిన, విడిపోయినవాళ్లను వెతికి కలిపే ఆ లైవ్ కార్యక్రమం ఏకంగా 138 రోజులు నడిచింది. పది వేలకు పైగా కుటుంబాలు కలిశాయి.

మీరు చెప్పాక పాత రికార్డింగులు వెతికి చూశాను. పేరు, ఊరు, తప్పిపోయిన సంగతి పెద్ద అక్షరాలతో రాసిన అట్టలు పట్టుకుని, అయినవాళ్లను వెతుక్కునేవాళ్లు నిలబడ్డారు. కేబీఎస్ భవనం బయట గోడల నిండా చేత్తో రాసిన కాగితాలే. నాన్న పేరు, ఒంటిమీది మచ్చ ఒక్కొక్కటే సరిచూసుకుంటూ, చివరికి మాట పెగలక భోరుమంటారు. సీరియల్‌లో దాన్ని రెండు నిమిషాల్లో తేల్చేశారు, అదే నాకు బాధ. 2015లో ఆ టేపులు యునెస్కో వారి ‘మెమరీ ఆఫ్ ది వరల్డ్’ (ప్రపంచానికి విలువైన పత్రాలు, రికార్డింగుల) జాబితాకెక్కాయట. రాత్రి అమ్మకు కూడా చూపించాను, ఇద్దరం ఏడ్చాం.