ఆరాధన నుంచి వచ్చేసరికి సంగటి గట్టిపడుతోంది, ఏం చేయాలి?

మాది తిరుపతి. నెలలో రెండు ఆదివారాలు ఆరాధన అయ్యాక పది పన్నెండు మందిని ఇంటికి భోజనానికి పిలుస్తాం. ఎక్కువగా హాస్టళ్లలో ఉండే పిల్లలు, ఊరికి కొత్తగా వచ్చినవాళ్లు. రాగి సంగటి, నాటుకోడి పులుసు అంటే వాళ్లకు ప్రాణం. పులుసుతో ఏ ఇబ్బందీ లేదు, పొద్దున చేసింది మధ్యాహ్నానికి ఇంకా రుచిగా ఉంటుంది. గొడవంతా సంగటితోనే.

ముప్పావు కిలో బియ్యం, కిలో రాగిపిండి, 5 లీటర్ల నీళ్లు. ఉదయం 8 గంటలకు గెలికి, ముద్దలు చేసి హాట్‌బాక్సులో పెట్టి వెళ్తాను. ఒంటిగంటకు తీస్తే పైన చెక్కు కట్టి, లోపల పిడచగా ఉంటోంది. ముద్దలకు నెయ్యి రాశాను. తడిగుడ్డ చుట్టి పెడితే అడుగున చెమ్మ చేరి జిగటయింది. ముద్దలు చేయకుండా గిన్నెతోనే దుప్పటి చుట్టి పెట్టినా అంచులన్నీ ఎండిపోయాయి. పోనీ వచ్చాక చేద్దామంటే ముప్పావుగంట పడుతుంది. వచ్చినవాళ్లు మొహమాటంతో వంటింట్లోకి వచ్చి గిన్నెలు కడగడం మొదలుపెడతారు! సణుగుకోకుండా ఆతిథ్యం చేయమని పేతురు మొదటి పత్రిక 4:9లో ఉంది కానీ, ఆ ఎండలో తెడ్డు పట్టుకుంటే నాకు సణుగుడే వస్తోంది.

సంగటి బదులు అన్నం పెట్టమనకండి, అది తెలుసు. పొద్దున 8కి చేసిన సంగటి ఒంటిగంట దాకా మెత్తగా ఉండాలంటే కొలతలో గానీ, దాచే పద్ధతిలో గానీ ఏం మార్చాలి?