మనసును కంప్యూటర్‌లోకి ఎక్కించే కథల్లో అసలు మనిషి ఏమవుతాడు?

ప్రశ్న (నవలిక రాస్తున్నవారు):
నేను రాస్తున్న సైన్స్ ఫిక్షన్ నవలికలో, నయం కాని జబ్బుతో ఉన్న ఒక గణిత అధ్యాపకురాలు తన మనసును కంప్యూటర్‌లోకి ఎక్కించడానికి ఒప్పుకుంటుంది. ఈ కోవ కథలు చాలావాటిలో మనిషి కుర్చీలో కళ్ళు మూసుకుని యంత్రంలో కళ్ళు తెరుస్తాడు. మధ్యలో ఏం జరిగిందో రచయిత చెప్పడు. నాకు కావలసింది ఆ మధ్య భాగమే. స్కానింగ్ అయ్యాక ఆమె శరీరం బతికే ఉంటే యంత్రంలో ఉన్నది ఎవరు? 1988లో రోబో శాస్త్రవేత్త హాన్స్ మొరావెక్ ఊహించినట్టు, మనిషి మెలకువగా ఉండగానే మెదడును కొంచెం కొంచెంగా తీసేస్తూ ఆ పనిని యంత్రానికి అప్పగిస్తూ పోతే ఈ చిక్కు తప్పుతుందా?

నాడీశాస్త్రం చదువుతున్నవారు:
ఇప్పుడు తెలిసిన పద్ధతుల్లో శరీరం బతికి ఉండే అవకాశమే లేదు. ఎంఆర్‌ఐ వంటి స్కానింగులో ఒక్కో నాడీకణమే విడిగా కనబడదు, ఇక కణాల మధ్య సంధుల సంగతి చెప్పనక్కరలేదు. అవి కనబడాలంటే కణజాలాన్ని రసాయనాలతో గట్టిపరచి, 30 నానోమీటర్ల పైచిలుకు మందం గల పొరలుగా కోసి, ఎలక్ట్రాన్ మైక్రోస్కోపుతో చిత్రాలు తీయాలి. హార్వర్డ్, గూగుల్ పరిశోధకులు 2024లో ప్రచురించిన పరిశోధనలో, దాదాపు ఒక ఘన మిల్లీమీటరు మానవ మెదడును ఐదు వేలకు పైగా పొరలుగా కోస్తే వచ్చిన సమాచారం 1.4 పెటాబైట్లు, అంటే 14 లక్షల గిగాబైట్లు. మొత్తం మెదడంటే అలాంటి ముక్కలు సుమారు 12 లక్షలు. కాబట్టి మీ అధ్యాపకురాలు కుర్చీలో కూర్చోదు. ఆమె మెదడు కోతయంత్రం మీదికి వెళ్తుంది.

మరొక సభ్యురాలు:
కోసి చూసినంత మాత్రాన కూడా సరిపోదండీ. ఒక మిల్లీమీటరు పొడవుండే సీ. ఎలిగాన్స్ అనే పురుగుకు ఉన్నవి 302 నాడీకణాలే, వాటి అనుసంధాన పటం 1986లోనే ప్రచురితమైంది. అయినా ఆ పురుగును కంప్యూటర్‌లో యథాతథంగా బతికించడం నేటికీ సాధ్యపడలేదు, ఎందుకంటే ఏ సంధి ఎంత బలమైనదో, చుట్టూ ఉన్న రసాయనాలు దాని తీరును ఎప్పుడు ఎలా మారుస్తాయో ఆ పటం చెప్పదు. మనిషికి అలాంటి కణాలు సుమారు 8,600 కోట్లు.

అయితే మీకు అనుకూలమైన సంగతి ఒకటుంది. బృహద్ధమనికి చేసే కొన్ని శస్త్రచికిత్సల్లో శరీరాన్ని బాగా చల్లబరచి రక్తప్రసరణను కాసేపు పూర్తిగా ఆపుతారు. అప్పుడు మెదడులోని విద్యుత్ సంకేతాలు దాదాపు నిలిచిపోతాయి, అయినా లేచిన రోగికి తన పాత జీవితం గుర్తుంటుంది. అంటే చిరకాల జ్ఞాపకాలు మెదడు నిర్మాణంలోనే ఉన్నాయన్నమాట. ఇంకా స్థిరపడని తాజా జ్ఞాపకాలకు ఆ భరోసా లేదు. కోతకు ముందు గంటలో ఆమె కూతురితో చెప్పిన మాటలు యంత్రంలో ఉండకపోవచ్చు. కథకు పనికొస్తుందేమో చూడండి.

తత్వశాస్త్రం బోధించేవారు:
మొరావెక్ పద్ధతి చిక్కును విప్పదు, కంటికి కనబడకుండా చేస్తుంది, అంతే. తీసేసిన కణాలను పారెయ్యకుండా పక్కన భద్రపరచి, చివర్లో మళ్ళీ అతికించి ప్రాణం పోశారనుకోండి, మీ మొదటి ప్రశ్న అలాగే ఎదురవుతుంది. తత్వవేత్త డెరెక్ పార్ఫిట్ 1984లో చేసిన వాదన ఏమిటంటే, మిగిలింది నేనేనా కాదా అన్నది మనం అనుకున్నంత ముఖ్యం కాదు, జ్ఞాపకాలూ స్వభావమూ ఉద్దేశాలూ కొనసాగడమే ముఖ్యం. ముప్పాతిక వంతు ఒప్పుకుంటాను. అంగీకార పత్రం మీద సంతకం పెట్టవలసింది నేనే అయితే మాత్రం ఆ మిగతా పాతిక వంతే గట్టిగా మాట్లాడుతుంది.

నన్నడిగితే ఆమె శరీరాన్ని చంపకండి. కల్పనే కాబట్టి కోత అవసరం లేని స్కానరును మీరే సృష్టించుకోవచ్చు. స్కానింగ్ క్షణం దాకా ఇద్దరిదీ ఒకే గతం, అక్కడి నుంచి వేర్వేరు జీవితాలు; నేనే అసలు మనిషిని అని ఇద్దరూ అన్నా ఎవరూ అబద్ధం ఆడినట్టు కాదు.

ప్రశ్న అడిగినవారు:
అందరికీ కృతజ్ఞతలు. కోతయంత్రాన్నే ఉంచుతాను, ఎందుకంటే తిరిగి రావడానికి వీల్లేదని తెలిసి తీసుకునే నిర్ణయంలోనే నాకు కథ కనబడుతోంది. ఆ కూతురి మాటల సంగతిని కూడా తప్పకుండా వాడుకుంటాను. మిగిలిన సందేహం ఒక్కటే: ఆమెకు మరణ ధ్రువపత్రం ఇవ్వాలా?

తత్వశాస్త్రం బోధించేవారు:
ఇస్తే ఆస్తి కూతురికి పోతుంది, యంత్రంలో ఉన్నామె తన కరెంటు బిల్లు కోసం కూతురి మీద ఆధారపడాలి. ఇవ్వకపోతే, ఆమెకు రెండో ప్రతి తీసిన రోజున ఏ ప్రతి సంతకం చెల్లుతుందో న్యాయస్థానం తేల్చాలి. నేనైతే ధ్రువపత్రం ఇప్పిస్తాను.