మార్కెట్ పడింది కదా అని చీటీ డబ్బు పెట్టేయొచ్చా?

ప్రశ్న (గాజువాక): అందరికీ నమస్తే, ఒక డౌట్. పరవాడ ఫార్మాలో షిఫ్ట్ డ్యూటీ నాది. మొన్న చీటీ పాడితే వచ్చిన 3 లక్షలు సేవింగ్స్‌లో ఉన్నాయి, చెల్లి పెళ్లి మాఘంలో అనుకుంటున్నాం. నెల్రోజుల నుంచీ మార్కెట్ పడుతూనే ఉంది, మావాళ్ళందరూ ఇదే టైం కొనెయ్ అంటున్నారు. ఇంకోటి, ఒక స్మాల్‌క్యాప్ (చిన్న కంపెనీ) షేరు 180 రూపాయల్లో 200 కొన్నాను, ఇప్పుడు 62. ఇంకో 600 వేస్తే యావరేజ్ 91.50కి దిగుతుంది. ఏటి చెయ్యమంటారు?

కూర్మన్నపాలెం నుంచి: బాబూ, ఆ 3 లక్షలు ముట్టుకోకు. చీటీ పాడేశావంటే మిగతా వాయిదాలు ఇంకా కట్టాలి కదా, అంటే అది సగం అప్పే, పైగా పెళ్లి డబ్బు. నా సంగతి చెప్తాను. 2008 జనవరిలో సెన్సెక్స్ 21,000 దాటింది, మార్చికి 15,000 దగ్గరకొచ్చేసరికి ఇంతకన్నా ఏం పడుతుందిలే అని ఉన్నదంతా పెట్టేశాను, అక్టోబర్‌కి అది సగం దాకా వచ్చేసింది, సరిగ్గా అప్పుడే అమ్మాయి ఇంజినీరింగ్ ఫీజు కట్టాల్సొచ్చి నష్టానికి అమ్ముకున్నాను. 2010 నవంబర్‌లో సెన్సెక్స్ మళ్ళీ 21,000కి వచ్చింది, నా దగ్గర ఒక్క షేరూ లేదు. పడినప్పుడు కొనడం తప్పు కాదు, కొన్నాక లేచేదాకా ఆగలేని డబ్బుతో కొనడమే నన్ను ముంచింది.

ఎంవీపీ కాలనీ నుంచి: బాబాయ్ గారు చెప్పింది నిజం. ఆ స్మాల్‌క్యాప్ గురించి నేను చెప్తా తమ్ముడూ. మార్కెట్ మొత్తం పడడం వేరు, ఒక్క కంపెనీ పడడం వేరు. నిఫ్టీ అనే మార్కెట్ సూచీలో 50 పెద్ద కంపెనీలుంటాయి, ఆరు నెలలకోసారి చూసి, వెనకబడినవి తీసి వేరేవి పెడతారు. ఒక్క షేరుకి ఆ రక్షణ లేదు. రిలయన్స్ కమ్యూనికేషన్స్ 2008 జనవరిలో 800 పైన ఉండేది, 400కి వచ్చినప్పుడు సగం ధరకే దొరికిందని కొన్నవాళ్ళున్నారు, 2019లో అది దివాలా కేసులోకి వెళ్ళింది. నీ లెక్కలో యావరేజ్ 91.50కి దిగినా షేరు మాత్రం 62లోనే ఉంటుంది, అసలు రావాలన్నా 47 శాతం పైనే పెరగాలి, నువ్వు పెట్టిన డబ్బు మాత్రం రెట్టింపు పైన అయిపోతుంది. ఎన్ఎస్ఈ (నేషనల్ స్టాక్ ఎక్స్ఛేంజ్) సైట్‌లో ప్రమోటర్, అంటే కంపెనీ అసలు ఓనర్, తన షేర్లు ఎంత తాకట్టు పెట్టాడో ఉంటుంది, అది చూడు, అప్పు ఎంతుందో, గత నాలుగు క్వార్టర్ల అమ్మకాలు పెరిగాయో తగ్గాయో చూడు. నీ దగ్గర ఈ షేరు లేకపోతే ఇవాళ కొత్తగా 62కి కొనేవాడివేనా? కాదనిపిస్తే ఇంకో రూపాయి వెయ్యకు.

ప్రశ్న (గాజువాక): థాంక్స్ అక్కా. చీటీ డబ్బు ముట్టుకోను. జీతంలో నెలకి 6 వేలు మిగులుతాయి. బాటమ్, అంటే ఇక పడదనే అడుగు, వచ్చిందని ఎలా తెలుస్తుంది? యాప్‌లో మార్జిన్, అంటే షేర్లు కొనడానికి బ్రోకర్ అప్పు, కూడా ఇస్తానంటోంది.

కూర్మన్నపాలెం నుంచి: బాటమ్ ఎవరికీ తెలీదు బాబూ. 2020లో నిఫ్టీ జనవరిలో 12,400, మార్చి 24న 7,511, నవంబర్‌కల్లా మళ్ళీ పాత చోటికి. అదే జపాన్ మార్కెట్ సూచీ నిక్కీ 1989 డిసెంబర్‌లో తాకిన 38,900 మళ్ళీ చూడ్డానికి 2024 ఫిబ్రవరి దాకా పట్టింది. అందుకే ముందే కాగితం మీద రాసుకో. 4 వేలు నిఫ్టీ కంపెనీలన్నిట్లో పెట్టే ఇండెక్స్ ఫండ్ డైరెక్ట్ ప్లాన్‌లో (ఏజెంట్ కమిషన్ ఉండనిది) సిప్, అంటే నెలనెలా కట్టు, మార్కెట్ పడినా లేచినా ఆపకు. 2 వేలు లిక్విడ్ ఫండ్‌లో (పెద్దగా ఊగకుండా, కావాల్సినప్పుడు తీసుకోగలిగే ఫండ్) వెయ్యి. నిఫ్టీ పాత హై నుంచి 10 శాతం పడితే అందులో మూడోవంతు తీసి అదే ఇండెక్స్‌లో పెట్టు, 20 పడితే ఇంకో వంతు, 30 పడితే మిగిలింది. ఏళ్ళ తరబడి పడకుండా పెరిగిపోతే ఆ పక్కన పెట్టింది వెనకబడుతుంది, అది ఒప్పుకునే చెయ్యి, అందుకే చిన్న భాగమే పక్కన పెట్టమంటున్నా. మార్జిన్ జోలికి అస్సలు పోకు. 2020 మార్చి 23న నిఫ్టీ ఒక్కరోజే 13 శాతం పడింది, అలాంటి రోజు నువ్వు డబ్బు కట్టకపోతే నీ షేర్లు బ్రోకరే అమ్మేస్తాడు, అదీ అన్నిటికన్నా తక్కువ ధరలో, వడ్డీ నీ నెత్తినే.

ప్రశ్న (గాజువాక): సరే బాబాయ్ గారూ, రాసుకుంటా. మరి పెళ్లి డబ్బు సేవింగ్స్‌లోనే ఉంచెయ్యనా?

ఎంవీపీ కాలనీ నుంచి: వద్దు తమ్ముడూ, ఎఫ్‌డీ చెయ్యి, రెండు మూడు బ్యాంకుల్లో రేటు అడుగు. ఒకేదానిలో కాకుండా లక్ష లక్ష మూడు ఎఫ్‌డీలు వేసుకో, హాల్ అడ్వాన్స్‌కి ముందు ఒకటి, బంగారం కొనేటప్పటికి ఒకటి, పెళ్లికి నెల ముందు ఒకటి చేతికొచ్చేలా.